తెల్లక్క చోటు

రాళ్ళు కోసే యంత్రం ఆగగానే తెల్లక్క దాని కిందికి దూరి రాతిపొడి ఊడవసాగింది. నీళ్ళు చల్లి ఊడిస్తే పాలిష్ పట్టిన పలకల మీద మరకలు పడతాయని మేస్త్రీ ఒప్పుకోడు. ఊడ్చినదాంట్లో సగం గాల్లోకి లేచి, ఆమె అటు తిరిగేలోగా మళ్ళీ అక్కడే వాలుతుంది. తలనుంచి కాళ్ళదాకా తెల్లబడి ఉంటుంది కనక ఆమెకా పేరు. అసలు పేరు జీతమిచ్చే గుమాస్తాకైనా గుర్తుందో లేదో.

మొగుడు ఇక్కడే రాళ్ళు కోసి, దగ్గి దగ్గి పోయాడు. వారం తిరక్కుండానే మేస్త్రీ ఆమెకు కబురు పెట్టాడు. నోట్లో నాలుక లేని మనిషి, మారుమాట్లాడకుండా వచ్చి మొగుడి గుడ్డే మొహానికి చుట్టుకుంది, సాయంత్రం గోడకున్న అతని మేకుకే తగిలించింది. కొన్నాళ్ళుగా ఆమెకూ అదే దగ్గు.

మధ్యాహ్నం ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే పైకెత్తి చూపించింది.

"ఊపిరితిత్తుల్లో కాపలా కణాలుంటాయమ్మా. పొడి లోపలికొస్తే మింగేస్తాయి. రాయి కదా, అరగదు. అవి చచ్చిపోతాయి, పొడి బయటపడుతుంది. అప్పుడు ఇంకోటొచ్చి మింగుతుంది."

"ఏది, ఆ పొడినేనా?"

"ఆ పొడినే. చచ్చేముందు ప్రతి కణమూ ఇంకొన్నిటిని పిలుస్తుంది. అందుకే లోపల వాపు తగ్గట్లేదు."

"రావద్దని చెప్పేవాళ్ళెవరూ లేరా వాటికి?"

డాక్టరమ్మ మందులు రాయడం ఆపింది. "లేరమ్మా" అంది.

తిరిగొచ్చేసరికి మేస్త్రీ గుమ్మంలోనే ఎదురయ్యాడు. చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు.

"దిగులు పెట్టుకోకు తెల్లక్కా. నీ తర్వాత నీ చోటు మీ అమ్మాయిదే. సోమవారం నుంచి రమ్మని చెప్పా. వేరేవాళ్ళకిస్తే ఒట్టు."

తెల్లక్క మేస్త్రీకి ఎన్నడూ ఎదురు చెప్పి ఎరగదు, ఇప్పుడూ చెప్పలేకపోయింది. అందరూ వెళ్ళాక మాత్రం సుత్తి తెచ్చి, గోడకున్న మొగుడి మేకు పీకి ఒంటిమీది పని కోటు జేబులో వేసుకుంది. అంత పనికే రెండుసార్లు కూర్చుని ఊపిరి తీసుకోవలసి వచ్చింది.

ఇంట్లో కూతురు కంచం ముందు పెట్టింది.

"సోమవారం నుంచి నేను వెళ్తానమ్మా. నువ్విక ఇంటిపట్టున ఉండు."

"వద్దు."

"మేస్త్రీ పిలిచాడుగా."

"పిలుస్తాడే. మీ నాన్న పోగానే నన్నూ పిలిచాడు. నేను పోయినా నిన్ను పిలుస్తాడు. నువ్వు మాత్రం వెళ్ళకు తల్లీ."

అమ్మ అంత గట్టిగా మాట్లాడటం కూతురు ఎప్పుడూ వినలేదు.

తెల్లవారుతుండగా దగ్గు ఆగింది. తగ్గిందనుకుని కూతురు అటు తిరిగి పడుకుంది. లేచి పిలిస్తే పలకలేదు, ఒళ్ళు చల్లబడి ఉంది.

తర్వాత అమ్మ కోటు ఉతకబోతే జేబులో మేకు చేతికి తగిలింది. నాన్నకు అన్నం తీసుకెళ్ళినప్పుడు చూసిందే, అది ఏ గోడదో ఆ పిల్లకు తెలుసు. దాన్ని గుప్పిట్లో పట్టుకుని కొళాయి దగ్గరే కూర్చుని ఏడ్చింది.

సోమవారం వెళ్ళలేదు. మేస్త్రీ రెండుసార్లు కబురు పెట్టినా వెళ్ళలేదు. అతనూ మాట తప్పలేదు, ఆ చోటు ఇంకెవరికీ ఇవ్వలేదు. గోడకు మేకు ఊడిన కన్నం కింద తెల్లక్క చీపురు అలాగే ఆనించి ఉంది, దాని మీద పొడి పడుతూనే ఉంది.