నెస్టర్ ఎవరి పేరూ తొక్కలేదు

బిట్టర్ క్రీక్‌ని చంపింది మీరే. రాజధానిలో వెచ్చని గదిలో కూర్చుని, పటం మీద గీతని ఇటునుంచి అటు జరిపిన పెద్దమనుషులు మీరే. మా తాతల కాలం నుంచి అసెంబ్లీకి మనిషిని పంపిన నియోజకవర్గాన్ని మూడు ముక్కలు చేసి మూడు పక్కలకి విసిరారు. జనం చాలరన్నారు. రైలు ఎత్తేశాక, బడి మూసేశాక జనం ఎక్కడినుంచి వస్తారో మాత్రం చెప్పలేదు. సరే, ఆ తగువు తర్వాత. ముందు నెస్టర్ బాబియ్ గురించి వినండి. మీ గీత ఎవరి పెరట్లోంచి పోయిందో మీకు తెలియాలి.

ఆ జూన్ ఉదయం నెస్టర్ ఊరి హాలు ముందు గుంజ పీకుతున్నాడు. బిట్టర్ క్రీక్ ఓటేసే చివరి రోజు అది. పోలింగ్ జరిగేచోట గుంజలకి కొట్టిన అభ్యర్థుల పేర్ల చెక్క బల్లలు కనపడకూడదు. నాటిందీ అతనే, పీకేదీ అతనే. ఎర్ర పార్టీ పిలిచినా వెళ్ళేవాడు, నీలం పార్టీ పిలిచినా వెళ్ళేవాడు. కొయ్య సుత్తి దెబ్బలకి ఎడమ బొటనవేలు చదునై చెంచాలా తయారైంది. పొట్టి మనిషి, ఎద్దు మెడ, టోపీ కింద ఎప్పుడూ ఎర్రగా కందిన చెవులు. పెళ్ళి చేసుకోలేదు. కోళ్ళున్నాయి.

ఆ కోళ్ళగూడు చూడాలి మీరు. ఎన్నిక అయ్యాక గెలిచినవాడి బల్లలు పార్టీ ఆఫీసుకి పోయేవి. ఓడినవాడి బల్లలు ఎవడికీ అక్కర్లేదు. వాటిని నెస్టర్ తెచ్చి, అక్షరాలు లోపలివైపుకి తిప్పి, గూటికి కొట్టేవాడు. అలా గోడలు లేచాయి. మూడుసార్లు నిలబడి మూడుసార్లూ ఓడిన గుర్రాల వైద్యుడు తూర్పు గోడ. కరువు ఏళ్ళలో మమ్మల్ని ఏలి, తర్వాత డిపాజిట్ కూడా దక్కని మెక్‌ఫెయిల్ కప్పు మీద. వాన కారితే అతనిదే తప్పు. మా బిట్టర్ క్రీక్ చరిత్ర అంతా కోళ్ళకే తెలుసు.

ఒక్క బల్ల మాత్రం ఆ గూట్లో లేదు. ఆగ్నెస్ థోర్వల్డ్‌సన్‌ది.

హాలు ఎదుట కాఫీ హోటల్ ఆగ్నెస్‌దే. అరవై నాలుగో సంవత్సరంలో ఆవిడ ఎన్నికల్లో నిలబడి ఒక్క ఓటుతో ఓడిపోయింది. ఆ రోజు ఓటెయ్యని మనిషి ఈ పక్క ఒక్కడే, నెస్టర్. బల్లలు ఏరుకొస్తుంటే ట్రక్కు బురదలో దిగిపోయింది. నడుచుకుంటూ వచ్చేసరికి హాలు తలుపు వేసేశారు. అతను ఓటేసి ఉంటే ఎవరికేసేవాడు? ముప్పై ఏళ్ళుగా ఊరంతా అడుగుతూనే ఉంది. అతను చెప్పడు.

గుంజ భుజాన వేసుకుని నెస్టర్ హోటల్లోకి వచ్చేసరికి ఆగ్నెస్ కప్పు సిద్ధంగా పెట్టింది.

"ఓటేశావా?"

"ఇంకా పొద్దుంది."

"అప్పుడూ ఇదే అన్నావు. చూడు నెస్టర్, ఇవాళ నువ్వు వెయ్యకపోతే ఇంక బిట్టర్ క్రీక్‌లో వెయ్యడానికి ఓటే ఉండదు. రేపట్నుంచి మనం హార్లన్ నియోజకవర్గం వాళ్ళం. హార్లన్ కాఫీ తాగావా ఎప్పుడైనా?"

"తాగాను."

"ఎలా ఉంది?"

"వేడిగా ఉంది."

ఆగ్నెస్ నవ్వాపుకుంటూ గుడ్డతో టేబుల్ తుడిచింది.

ఇంతలో హాల్లోంచి లోర్నా వచ్చింది. ఆ రోజు ఓట్ల పెట్టె దగ్గర కూర్చున్న అధికారి ఆవిడే, మామూలు రోజుల్లో తపాలా ఆఫీసులో ఉంటుంది. "నెస్టర్, కూడలిలో ఆ సర్కారు బల్ల కూడా తీసెయ్యి. ముసలాళ్ళు అది చదివి వెనక్కి తిరిగిపోతున్నారు."

మీరు పాతించిన బల్లే అది. 'బిట్టర్ క్రీక్ నియోజకవర్గం రద్దు' అని గుమ్మడికాయంత అక్షరాలు. 'ఈ ఎన్నిక తర్వాత' అని కింద చీమతలకాయంత. ఓటుకి బయల్దేరిన ముసలామె పరాస్కా, మేమంతా బాబా అని, అంటే అవ్వా అని పిలిచే ఆవిడ, ఓటింగ్ రద్దయిపోయిందనుకుని ఇంటికెళ్ళి బంగాళాదుంపలు తొక్క తీసుకుంటోంది. నెస్టర్ ఆ బల్ల పీకి ట్రక్కులో పడేసి, ఆవిడ వాకిట్లో ఆగాడు.

"బాబా, రా. ఇంకా చావలేదు."

"ఎవరు?"

"బిట్టర్ క్రీక్."

"నేనూ చావలేదు. అయినా నన్నెవరూ పిలవలేదు," అంది బాబా, చెయ్యి కడుక్కుని ఎక్కింది.

అలా మొదలైంది. వెనక్కి తిరిగిపోయినవాళ్ళందరి ఇళ్ళకీ వెళ్ళాడు. ఎర్రవాళ్ళూ నీలంవాళ్ళూ ఒకే సీటు మీద ఇరుక్కుని, ఒకరినొకరు మోచేతుల్తో పొడుచుకుంటూ హాలుకి వచ్చారు. ఒక్కొక్కరూ దిగుతూ, "నువ్వేశావా?" అని అడిగారు. "వస్తా," అన్నాడు. వేసేస్తే బిట్టర్ క్రీక్ అయిపోతుంది గదా. అదే అతని బాధ అని ఆగ్నెస్‌కి అర్థమైనట్టుంది. మధ్యాహ్నం వాన మొదలయ్యాక హోటల్ తలుపుకి తాళం వేసి వచ్చి ట్రక్కెక్కి కూర్చుంది.

"ఇవాళ నిన్ను వదిలేది లేదు. పద."

సాయంత్రం చివరి ఇంటినుంచి ఉత్తచేతుల్తో తిరిగొస్తున్నారు. ఆ ఇంటాయన ముందే నడిచి వెళ్ళిపోయాడట. వాగు పక్క దారిలో ట్రక్కు ఎడమ చక్రం జారి దిగబడింది. మా మట్టికి వాన తగిలితే బంక. అదే దారి, ముప్పై ఏళ్ళనాటి అదే మలుపు.

ఆగ్నెస్ చేతులు కట్టుకుంది. "నమ్మలేకపోతున్నాను."

నెస్టర్ దిగి చక్రం చూశాడు. ఆగ్నెస్ ముందుకి పోనివ్వబోతే చక్రం ఉన్నచోటే గిర్రున తిరిగి అతని మొహం నిండా బురద కొట్టింది.

"వెనక అన్ని బల్లలున్నాయి కదయ్యా. ఒకటి తీసి చక్రం కింద పెట్టు," అంది ఆగ్నెస్. అని ఆగిపోయింది. "ఆగాగు. అరవై నాలుగులోనూ వెనక బల్లలున్నాయి కదూ?"

"ఉన్నాయి. నీవీ, నీ మీద గెలిచినాయనవీ."

"మరి పెట్టలేదేం?"

నెస్టర్ మొహం తుడుచుకున్నాడు. "ఎవరి పేరు తొక్కించినా ఓటు బయటపెట్టినట్టేగా. ఎవరైనా చూస్తే?"

"ఈ బురదలో ఎవరు చూస్తారు, కప్పలా?"

"కప్పలూ చెబుతాయి."

ఆగ్నెస్‌కి నవ్వు మొదలైంది. సీటు మీద వంగిపోయి, కళ్ళలోంచి నీళ్ళు కారేదాకా నవ్వింది. నవ్వుతూనే దిగి, వెనక బల్లలు ఒక్కొక్కటీ తిప్పి చూసింది. ఎర్రది పక్కన పెట్టింది. నీలంది పక్కన పెట్టింది. అడుగున ఉన్నదాన్ని లాగి బురదలోకి ఈడ్చింది.

"ఇది తొక్కించు. దీనికి ఎవరూ ఓటెయ్యలేదు."

రాజధానివారి బల్ల. నెస్టర్ మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని సుత్తితో చక్రం కిందికి బిగించాడు, గుంజ నాటినంత శ్రద్ధగా. ట్రక్కు ఒక్కసారి మూలిగి, మీ 'రద్దు' మీదుగా ఎక్కి, దారి మీదికొచ్చింది. దిగబడ్డ బల్లని అతను పెకలించి మళ్ళీ వెనక వేసుకున్నాడు. సామాను వదిలేసి రావడం అతనికి చేతకాదు.

హాల్లో లోర్నా తలుపు మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. "పరిగెత్తు!" అంది. నెస్టర్ బురద బూట్లతోనే వెళ్ళి కాగితం తీసుకుని అట్ట తెర వెనక్కి పోయాడు. ఎంతకీ రాడు.

"అక్కడే కాపురం పెట్టావా?" అని ఆగ్నెస్ కేకేసింది.

వచ్చాడు. కాగితం మడిచి పెట్టెలో వేసి, మూత మీద అరచెయ్యి ఆనించి ఒక క్షణం ఉంచాడు, ఆవు వీపు నిమిరినట్టు. బిట్టర్ క్రీక్‌లో పడ్డ చివరి ఓటు అదే.

కాఫీ పోస్తూ ఆగ్నెస్ అడిగింది. "ఇప్పుడైనా చెప్పు. ఆనాడు వేసి ఉంటే ఎవరికి?"

నెస్టర్ కప్పులోకి చూశాడు. "నువ్వు గెలిస్తే రాజధానికి పోతావు. ఓడితే ఇక్కడుంటావు. ఆ రోజు బురదలో కూర్చుని అదే ఆలోచించాను."

"అంటే?"

"అంటే ఇంకొంచెం పొయ్యి."

తడిగుడ్డ వెళ్ళి అతని టోపీకి తగిలింది. ముప్పై ఏళ్ళుగా దాచిన ఆగ్నెస్ బల్లని నెస్టర్ మర్నాడు తెచ్చి హోటల్ గోడకి ఆనించి పెట్టాడు. దాని మీద బురద మచ్చ లేదు.

ఆ అక్టోబరులో, మొదటి మంచుకి ముందు, కోళ్ళగూట్లో బోర్లించిన బకెట్ మీద కూర్చునే నెస్టర్ పోయాడు. ఆగ్నెస్ వెళ్ళేసరికి ఒడిలో టోపీ ఉంది, టోపీలో గుడ్లున్నాయి. ఒక్కటీ పగల్లేదు.

నిరుడు మళ్ళీ ఎన్నికలొచ్చాయి. పెట్టె హార్లన్‌లో పెట్టారు, ట్రక్కులో గంటన్నర దారి. బాబా పరాస్కా వెళ్ళలేదు. ఎర్రవాళ్ళూ వెళ్ళలేదు, నీలంవాళ్ళూ వెళ్ళలేదు. తీసుకెళ్ళేవాడు లేడు. జనం ఓటెయ్యడం లేదని మీరు పత్రికల్లో బాధపడ్డారు. చదివాం.

మీ గీత వెనక్కి జరపండి. అది జరిగేలోగా మా హాల్లో ఒక పెట్టె పెట్టండి. ఒక్క పెట్టె. లోర్నా కూర్చుంటుంది, ఆగ్నెస్ కాఫీ పోస్తుంది. పెట్టె వచ్చేదాకా హాలు గుమ్మం పైన మేం కొట్టిన మీ బల్లని దించం. 'రద్దు' మీద నెస్టర్ టైరు అచ్చు ఇంకా అలాగే ఉంది, ఎండి, గట్టిపడి.