క్లచ్ మీద కాలు

ఫోను మోగేసరికి నేను మిద్దె మీద దుప్పటి పిండుతున్నాను. అవతల మా బావ హరీష్.

"ఏమ్మే వసూ, సాబ్ ఒప్పుకున్నాడు! బండి మనకే!"

దుప్పటి చేతిలోంచి జారి మళ్ళీ బకెట్లో పడింది. పడితే పడనీ అనుకున్నాను. హిందూపురంలో ఆ అద్దె ఇంటి మిద్దె మీద ఒక్కదాన్నే తడి కాళ్ళతో రెండు చుట్లు తిరిగాను. పక్క మిద్దె మీద వడియాలు ఎండబెడుతున్న పుట్టమ్మత్త "ఏం పాపా, ఏమన్నా విశేషమా?" అని నా పొట్టవైపు చూసింది. "విశేషమే అత్తా, కారు!" అన్నాను. ఆమె ముఖం కొంచెం చిన్నబోయింది.

బావతో నా పెళ్ళయి అప్పటికి నాలుగు నెలలు. బావ తూమకుంటలో ఒక ఫ్యాక్టరీలో సూపర్వైజరు. మొహిద్దీన్ సాబ్‌ది పెనుకొండలో మెకానిక్ షెడ్డు. ఆయన పద్నాలుగేళ్ళు నడుపుకున్న తెల్ల కారును చాలామంది అడిగారట. చౌకగానే ఇస్తాడు కానీ ఎవరికి పడితే వాళ్ళకు ఇవ్వడు. తాళాలు నా చేతిలో పెడుతూ బావతో అన్నాడు: "పాత బండేప్పా. కానీ క్లచ్ ప్లేటు కొత్తది ఏసినా. రెండేండ్ల లోపల దానికేమన్నా అయితే వచ్చి నా షెడ్డు బోర్డు పీకి పారెయ్."

నాకు నడపడం నేర్పింది కూడా ఆయనే. రెండు ఆదివారాలు, పెనుకొండ బయట ఖాళీ రోడ్డు మీద. బావ వెనక సీట్లో కూర్చుని ప్రతి గేరుకీ "అయ్యో" అనేవాడు.

"స్పీడు ముల్లు చూడద్దమ్మా, చెవి పెట్టు," అనేవాడు సాబ్. "ఇంజను గొణుగుతాంటే కింది గేరుకు దించు. అరుస్తాంటే పైది ఎయ్యి. మార్చినాక కాలు తీసి పక్కన పెట్టు. క్లచ్ మీద కాలు ఆనించి పెడితే ప్లేటు కాలిపోతాది."

చెవి పెట్టడం నాకు తొందరగానే వచ్చింది. రెండు నుంచి మూడుకి సరైన క్షణంలో మార్చినప్పుడు ఇంజను అరుపు ఆగి బండి హాయిగా సాగిపోతుంది చూడండి, ఆ ఒక్క క్షణం కోసం నేను పొద్దస్తమానం గేర్లు మార్చుకుంటూ తిరగగలను. రానిది కాలు తీయడం. మాది ధర్మవరం. మా నాయన చెన్నకేశవులు పట్టుచీరలు నేస్తాడు. పదేళ్ళ వయసు నుంచి నేనూ గుంటమగ్గంలో కూర్చున్నదాన్నే. తొక్కుడు కర్ర మీద నుంచి కాలు లేచిందంటే, పోగుల మధ్య తెరుచుకున్న దారి మూసుకుని, అడ్డపోగును మోస్తూ పరుగెత్తే నాడె తగులుకుంటుంది, పోగు తెగుతుంది. అందుకే నాయన పక్క మగ్గం నుంచే "కాలు ఎత్తినావా?" అని గద్దించేవాడు. తర్వాత బీఎస్సీ చదివాను, ఫస్టు క్లాసు తెచ్చుకున్నాను. ఆ సంగతి నా కాలికి తెలియదు.

లైసెన్సు చేతికొచ్చింది. తాను పక్కన లేకుండా ఊరు దాటొద్దు అన్నాడు బావ. సరే అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. మొన్న మంగళవారం ఆయన ట్రైనింగని రెండు రోజులు బెంగుళూరు వెళ్ళాడు. బుధవారం పొద్దున్నే నాయనకు కారు చూపించాలన్న ఆశ పుట్టింది. ఎనిమిదింటికల్లా హిందూపురం దాటేశాను.

ఎంత బాగుండిందో చెబితే తప్పేమో ఇప్పుడు. ఒక్కదాన్నే నాలుగో గేరులో పెనుకొండ దాటుతుంటే కొండ నాతోపాటు పక్కనే నడిచొస్తున్నట్టు అనిపించింది. దారంతా నా ఎడమ కాలు మగ్గంలో ఉన్నట్టే క్లచ్ మీద ఆనించి ఉంది. ధర్మవరంలో రైల్వే గేటు పడింది. ఎత్తు మీద బండి వెనక్కి జారుతుందని భయపడి, హ్యాండ్ బ్రేకు గుర్తురాక, క్లచ్ సగం తొక్కి ఇరవై నిమిషాలు అలాగే నిలబెట్టాను. ఏదో కాలిన వాసన వచ్చింది. ఎవరో టైరు కాలుస్తున్నారనుకుని అద్దం పైకెత్తాను.

నాయన ముందు సీట్లో చెప్పులు విడిచి కూర్చున్నాడు. వీధి చివరిదాకా తిప్పితే "నేతోళ్ళ బిడ్డ కారు నడుపుతాంది, సూడండి" అని కనబడినవాళ్ళకల్లా చెప్పాడు. తిరుగు దారిలో ఇంజను ఎంత అరిచినా బండి కదలనని మొరాయించింది. ఎలాగో ఇల్లు చేరి, బావ పెట్టిన చోటే, చక్రం కూడా అలాగే వంకరగా ఉండేట్టు నిలబెట్టాను.

శుక్రవారం బావ ఫ్యాక్టరీకి తీసుకెళ్తుంటే కారు దారిలో ఆగిపోయింది. సాయంత్రం ఇంటికొచ్చి "క్లచ్ పోయింది, సాబ్ మోసం చేసినాడు" అన్నాడు. నేను పప్పు పోపు పెడుతున్నాను. అప్పుడే చెప్పాల్సింది. పోపు మాడుతుందన్న వంకతో అటు తిరిగిపోయాను.

ఈరోజు పొద్దున ట్రాలీ ఆటోకు తాడు కట్టి కారును పెనుకొండ లాక్కెళ్ళాం. షెడ్డులో ఐదారుగురు ఉన్నారు. వాళ్ళందరి ముందే బావ మొదలుపెట్టాడు.

"బోర్డు నువ్వే పీకుతావా సాబ్, నన్ను పీకమంటావా?"

"కోపం చేసుకోవద్దప్పా, విప్పి చూస్తా. ముందు టీ తాగండి," అని సాబ్ మాకు టీ తెప్పించాడు.

గంటన్నర పట్టింది విప్పడానికి. ప్లేటు బయటికి తీశాడు. అరిగి, మాడి, దాని మీద కూర్చునే ఇనప చక్రం వేడికి నీలం తిరిగి ఉంది. సాబ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత నావైపు చూశాడు. బావకు ఫోను వస్తే రోడ్డు మీదికి వెళ్ళాడు.

"ఎంత దూరం పోయినావమ్మా?" అన్నాడు సాబ్ మెల్లగా.

"ధర్మవరం."

"కాలు తియ్యలేదు గదా?"

"మగ్గం అలవాటు సాబ్."

"నాయన చూసినాడా బండి?"

"చూసినాడు."

"సంతోషపడినాడా?"

తలూపాను.

"అయితే సరేలే. కొత్తగా పెండ్లయినోళ్ళు, ఇంత ఇనప ముక్కకు కొట్లాడుకోవద్దండి." బావ లోపలికి రాగానే సాబ్ గొంతు పెంచాడు. "నాదే తప్పప్పా. ప్లేటు మంచిది పడలేదు. ఇంకోటి నేనే ఏసిస్తా."

"ముందే చూసి ఇయ్యల్ల కదా!" అన్నాడు బావ. అక్కడున్నవాళ్ళలో ఒకాయన అవునన్నట్టు తలాడించాడు. సాబ్ వంగి బండి కిందికి దూరాడు. నేను టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. గ్లాసులో టీ ఎప్పుడో అయిపోయింది.

మధ్యాహ్నం దాటాక బండి తీసుకుని ఇంటికొచ్చాం. దారంతా బావ మూడో గేరు వేసిన ప్రతిసారీ నేను కిటికీ వైపు తిరిగాను. ఐదింటికి కాఫీ ఇస్తే ఫోను చూసుకుంటూ నవ్వాడు.

"మా ఫ్యాక్టరీ గ్రూపులో పెట్టినా. పెనుకొండలో సాబ్ షెడ్డుకు ఎవరూ బండ్లు ఇయ్యొద్దండి అని. చూడు, వెంకటేష్ ఏమన్నాడో. 'మంచి పని చేసినావప్పా, సోమవారం నా బండి ఆడికే తోలల్లనుకున్నా' అంట."

సాబ్ నలభై ఏళ్ళుగా ఆ షెడ్డులో మాట మీద బతికిన మనిషి.

"ఆ మెసేజ్ తీసెయ్ బావా."

"ఎందుకు తియ్యల్ల?"

"క్లచ్ కాల్చింది నేను."

పెద్దగా నవ్వాడు. "నువ్వు యాడ కాల్చినావు? వీధి చివరికి పోయి పాలు తెచ్చేదానికే మూడుసార్లు ఆపేస్తావు."

"ధర్మవరం పోయినా. బుధవారం. ఒక్కదాన్నే. దారి పొడుగునా కాలు క్లచ్ మీదనే పెట్టినా. గేటు కాడ ఇరవై నిమిషాలు తొక్కి పట్టినా. సాబ్‌కు తెలుసు. ప్లేటు చూడంగానే తెలిసిపోయింది. నాకోసరం తప్పు తనమీద ఏసుకున్నాడు."

బావ ఫోను బల్ల మీద పెట్టాడు.

"పోయినందుకు కాదు నా కోపం," అన్నాడు. "పోతానంటే వద్దనేవాణ్ణే, అది వేరే మాట. కానీ ఆ పెద్దాయన్ని అందరి ముందర బోర్డు పీకమన్నా నేను. నువ్వు పక్కనే ఉండావు."

"ఉండా."

"నోట్లో ఏం పెట్టుకోని ఉండావు?"

"ఆయన ఇప్పిచ్చిన టీ."

నవ్వించాలని అన్నది కాదు అది. ఆయనా నవ్వలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆయన ఓదార్చలేదు. పెళ్ళయ్యాక మొదటిసారి ఓదార్చలేదు. అది న్యాయంగానే అనిపించింది.

కొంతసేపటికి ఫోను నావైపు జరిపాడు. "నువ్వే రాయి."

రాశాను. బండి పాడుచేసింది హరీష్ భార్య వసుంధర, సాబ్ తప్పేమీ లేదు, ఆయన ఇచ్చిన బండి మంచిది అని. పంపాక చూస్తే చదివినవాళ్ళ లెక్క పెరుగుతోంది. అయినా బరువు దిగలేదు. షెడ్డులో తలాడించినాయన ఆ గ్రూపులో లేడు.

"ఫోన్ చేసి చెప్దామా సాబ్‌కు?" అన్నాడు బావ.

"ఫోన్లో కాదు. ఆయన్ను మనం అన్నింది ఫోన్లో కాదు కదా. రేపు ఆదివారం. పది గంటలకు, షెడ్డు కాడ మనుషులు ఉన్నప్పుడే పోదాం. ముందర నేను చెప్తా, అందరికీ వినపడేటట్టు. నేను చెప్పినాక నువ్వు ఆయన్ను క్షమించమని అడుగు."