ముగ్గురి కింద లెక్క

డోర్కాకి మేజోళ్ళు తొడగాలంటే ముందు వాటిని తిరగెయ్యాలి. లోపలి కుట్టు వేలికి తగిలిందా, ఆ రోజు ఇక అంతే. పాలు గోరువెచ్చగా ఉండాలి, గిన్నె తెల్లది కావాలి, నూడుల్స్ మీద గసగసాలు పడకూడదు. వాషింగ్ మెషీన్ తిరుగుతుంటే అది ఆగేదాకా దాని ముందు నుంచి లేవదు. ఇవన్నీ గడిచి తల్లి రెనాటా ఆ పిల్లని గుమ్మం దాటించేసరికి గంటా పది నిమిషాలు పట్టేది. ఐదేళ్ళు నిండాయి, నోట ఒక్క మాట రాలేదు. బట్టల క్లిప్పుల్ని కిటికీ గట్టు మీద బారుగా నిలబెట్టుకునేది. ఎవరైనా ఒక్కటి కదిపితే తన మణికట్టు తనే కొరుక్కునేది.

ఆ వేసవంతా రెనాటా రోజూ ఆ పిల్లని సైకిలు వెనక కూచోబెట్టుకుని, మార్కెట్టు దాటి, కాలువ వంతెన దాటి, పిల్లల బడి కంచె దాకా వెళ్ళేది. లోపల ఆడుకునే పిల్లల్ని డోర్కా చూస్తుందేమోనని ఆశ. డోర్కా కంచె చువ్వల్ని చూసేది. కాసేపుండి వెనక్కి వచ్చేసేవాళ్ళు. మా ఊళ్ళో ఆ తిరుగుడు చూడనివాళ్ళు లేరు. అందరం జాలిపడ్డాం. జాలిపడడం మా ఊరివాళ్ళకి బాగా చేతనైన పని, అదొక్కటీ అయిపోతే ఇంకేం చెయ్యక్కర్లేదనుకుంటాం.

జూన్‌లో జిల్లా కేంద్రంలో పిల్లల ఎదుగుదల చూసే కమిటీవాళ్ళు డోర్కాని పరీక్ష చేశారు. ఇద్దరు ఆడవాళ్ళు ఒక పూసల పెట్టె ముందు పెట్టారు. డోర్కా పూసల జోలికి పోలేదు. నలభై నిమిషాలపాటు పెట్టె మూత తెరిచి మూసింది. వాళ్ళు ఓపిగ్గానే చూశారు, ఓపిగ్గానే కాగితం రాశారు. ఆ కాగితంలో చివరి వాక్యం ఏమిటంటే, తరగతిలో ఈ పిల్లని ముగ్గురు పిల్లల కింద లెక్కెయ్యాలని. ఇలాంటి పిల్లకి టీచరు మూడింతల సమయం ఇవ్వగలగాలని ఎవరో మంచి మనసుతోనే పెట్టిన నిబంధన అది.

మా పిల్లల బడికి పెద్ద టీచరు మాగ్డి. పిల్లలే కాదు, ఆ బడిలో చదివి పెద్దయినవాళ్ళం కూడా ఆవిడని మాగ్డి అత్తా అనే పిలుస్తాం. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితం రెండుసార్లు చదివింది. గదిలో పాతికమందికి మించకూడదు. అప్పటికే ఇరవై ముగ్గురు ఉన్నారు.

"ఒక్కళ్ళు ఎక్కువవుతున్నారమ్మా," అంది.

"నా పిల్ల ఒక్కతే కదా అత్తా."

"నాకు తెలుసే. కాగితానికి తెలీదు."

ఇక మిగిలింది ఎనభై కిలోమీటర్ల దూరంలో ఉన్న హాస్టలు బడి. సోమవారం పొద్దున వదిలిరావాలి, శుక్రవారం సాయంత్రం తెచ్చుకోవాలి. రెనాటా వెళ్ళి చూసొచ్చింది. పధ్నాలుగు మంచాలు, దుప్పట్లు బిగించి మడిచి ఉన్నాయి. అక్కడి ఆయా మంచిది. అది చూసి రెనాటాకి ఇంకా దిగులేసింది, తిట్టుకోవడానికి కూడా ఎవరూ లేకుండా పోయారు. డోర్కా దాహమేస్తే అడగదు, కుళాయి దగ్గరికెళ్ళి నిలబడుతుంది. పధ్నాలుగు మంది మధ్య ఆ నిలబడడం ఎవరికి కనిపిస్తుంది? లారీ తోలే భర్త లొరాండ్ నెలకి రెండుసార్లు ఇంటికొచ్చేవాడు. "అక్కడ నేర్పుతారేమోలే," అన్నాడు ఫోనులో. రెనాటా వంటింటి నేల మీద కూలబడి ఏడ్చింది. పిల్లని అక్కడ వదిలేస్తే తను బతకలేనేమోనని కాదు ఆ ఏడుపు. వదిలేశాక కూడా బతికేస్తుంది, అలవాటు పడిపోతుంది. అదీ ఆమె భయం.

గదిలో ఉన్న ఇరవై ముగ్గురిలో ఇబోయా ఒకతి. పందొమ్మిది వందల డెబ్బై నాలుగు అక్టోబరులో, కూరగాయలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో పనిచేసే తల్లి ఆ పిల్లని పొద్దున దింపి వెళ్ళింది. సాయంత్రం రాలేదు. ఇబోయా బూట్లు తొడుక్కుని, కోటు వేసుకుని, బెంచీ మీద కూచుని ఎదురుచూసింది. ఆ మర్నాడూ చూసింది. అప్పట్నుంచీ రోజూ నాలుగున్నరకి అలాగే కూచుంటోంది. వయసు మాత్రం ఐదు దాటలేదు. పొద్దున కోకో తాగుతుంది, మధ్యాహ్నం తన మంచం మీద పడుకుంటుంది, పండగ సెలవుల్లో ఆయా గిన్నెతో సూపు పెట్టి వెళ్తుంది. తనిఖీకొచ్చిన ఆఫీసర్లు తలలు లెక్కపెట్టుకుని, రాసుకుని వెళ్ళిపోతారు. రెనాటాకి బూటు లేసు కట్టడం నేర్పింది ఇబోయానే, ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూచున్న ఏడాది. తర్వాత రెనాటా పెద్దయింది.

ఇబోయా పేరు పట్టీలోంచి కొట్టెయ్యాలంటే ఎవరో ఒకరు వచ్చి, సంతకం పెట్టి, ఆ పిల్లని ఇంటికి తీసుకెళ్ళాలి. అలా ఎవరూ రాలేదు.

ఆగస్టు చివర్లో, పేర్ల పట్టిక బుధవారం పొద్దున మునిసిపాలిటీకి వెళ్తుందనగా, మంగళవారం సాయంత్రం నాలుగున్నరకి రెనాటా డోర్కా చెయ్యి పట్టుకుని బడికి వెళ్ళింది. మిగతా పిల్లలు వెళ్ళిపోయారు. మాగ్డి తొట్టి దగ్గర రంగుల కుంచెలు కడుగుతోంది. ఇబోయా బెంచీ మీద ఉంది, కాళ్ళు నేలకి అందకుండా.

"ఇబోయా, మీ అమ్మ నన్ను పంపింది," అంది రెనాటా. "స్టేషన్లో ఉంది. పద."

ఇబోయా ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత బెంచీ దిగింది.

మాగ్డి చేతులు తుడుచుకుని పట్టీ తెచ్చింది. తీసుకెళ్ళేవారు పిల్లకి ఏమవుతారో రాసే గడి ఒకటుంది అందులో. రెనాటా 'తల్లి' అని రాసి సంతకం పెట్టింది. మాగ్డి ఆ గడి చూసింది, పట్టీ మూసేసింది. ఇబోయా కోటుకి గొంతు దగ్గర బొత్తాం పెట్టి, మళ్ళీ కుంచెల దగ్గరికి వెళ్ళిపోయింది.

గేటు దాటగానే రెనాటా చేతిలో ఇబోయా చెయ్యి బరువెక్కింది. సందు చివరికి వచ్చేసరికి కోటు చేతులు మోచేతుల దాకా పోయాయి. బూట్లు పిగిలిపోతే ఇబోయా వాటిని విప్పి చేత్తో పట్టుకుని ఒట్టి కాళ్ళతో నడిచింది. ఎదురైనవాళ్ళు పక్కకి తప్పుకుని దారిచ్చారు. వంతెన మీదకి వచ్చేసరికి ఆమె రెనాటా కంటే పొడుగైంది, జుట్టు నెరిసింది, ఆయాసపడుతోంది. యాభై నాలుగేళ్ళ మనిషి.

"స్టేషన్ అటు కదా," అంది.

రెనాటా ఇంటి వైపే నడిచింది.

"మా అమ్మ పంపలేదు."

"లేదు."

"తెలుసులే. రాదని చాలా ఏళ్ళ కిందటే తెలిసింది. ఎవరో ఒకరు వచ్చి ఆ అబద్ధం చెప్తే లేచి వెళ్దామని కూచున్నా. ఇన్నేళ్ళలో ఒక్కళ్ళూ చెప్పలేదే, రెనీ."

"నీ కోసం చెప్పలేదు నేను. దీని కోసం చెప్పాను."

"అదీ తెలుసు," అంది ఇబోయా. వంతెన కమ్మీ పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకుంది.

పది రోజులు రెనాటా ఇంట్లో, వంటింటి పక్క గదిలో ఉంది. ముప్పై తొమ్మిదో నంబరు బూట్లు కొన్నారు. కాఫీ మొదటిసారి తాగి మొహం చిట్లించి, రెండో కప్పు అడిగింది. మోకాళ్ళ నొప్పిని కూడా కొత్త వస్తువేదో దొరికినట్టు తడిమి చూసుకునేది. తల్లి పనిచేసిన ఫ్యాక్టరీ చూపించమంది. పైకప్పు లేని గోడల ముందు ఒక పూటంతా కూచుని వచ్చింది. చదవడం రాదు కాబట్టి అక్షరాలు నేర్పమంది. రోజుకొకటి చొప్పున నేర్చుకుంది. చలికాలానికి పేపరు చదివేస్తానంది. డోర్కా పక్కన మాత్రం ఐదేళ్ళ పిల్లలాగే నేల మీద బాసింపట్టు వేసుకుని, క్లిప్పులకేసి చూస్తూ కూచునేది, ఒక్కటీ ముట్టుకునేది కాదు. ఎనిమిదో రోజు డోర్కా తనంతట తనే ఒక క్లిప్పు తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. రెనాటా గుమ్మంలో నిలబడి చూసింది. తనకి ఐదేళ్ళలో ఒక్కటీ ఇవ్వలేదు.

డోర్కాకి చోటు వచ్చింది. చదువు రాని పిల్లలకి తమ వస్తువు తెలియాలని మా బడిలో ఒక్కొక్కరికి ఒక్కో బొమ్మ ఇస్తారు, కోటు తగిలించే కొక్కెం మీదా, మంచం మీదా అదే ఉంటుంది. ఖాళీ అయిన బొమ్మ ఒక్కటే, ఇబోయా గొడుగు. రెనాటా తువ్వాలు మీదా దిండు గలీబు మీదా ఆ గొడుగుని కుట్టింది. ఇబోయా ఎదురుగా కూచుని సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది.

సెప్టెంబరు ఒకటిన రెనాటాకి పోస్టాఫీసులో పని మళ్ళీ మొదలు. మూడేళ్ళుగా ఆ ఉద్యోగం ఆమె కోసం ఆపి ఉంచారు. ఆఫీసు ఐదింటిదాకా, కానీ పోస్టుమాస్టరమ్మ మొదటివారం నాలుగుంపావుకి వెళ్ళమంది, ఆ తర్వాత చూద్దామంది. బడి దగ్గర డోర్కా గుమ్మాన్ని రెండు చేతులా పట్టుకుంది. వేళ్ళు ఒక్కొక్కటీ విడదీయాల్సొచ్చింది. తలుపు మూశాక లోపలినుంచి వచ్చిన కేక మార్కెట్టు దాకా వినిపించింది. ఇబోయా గేటు బయటే ఆగిపోయింది.

"నేను లోపలికి రాను. అడుగు పెడితే మళ్ళీ ఐదేళ్ళే," అంది. "నువ్వు వెళ్ళు, నేనిక్కడే ఉంటా. ఇప్పుడు కోకో ఇస్తారు. తర్వాత చేతులు కడుక్కోవడం. తర్వాత బంకమట్టి. నాలుగున్నర దాకా ఎలాగో గడిచిపోతుంది. నాలుగున్నర తర్వాత గడవదు, రెనీ. ఆలస్యం చెయ్యకు."

చెయ్యకూడదనే అనుకుంది. నాలుగుంపావుకి కౌంటరు మూస్తుంటే ఒక ముసలాయన రిజిస్టరు ఉత్తరం కోసం వచ్చాడు. గుర్తింపు కార్డు ఒక జేబులో, కళ్ళజోడు ఇంకో జేబులో. సంతకం తప్పు గీత మీద పెట్టాడు, మళ్ళీ పెట్టాడు. కొడుకు ఉత్తరమేనా అని అడిగాడు. రెనాటా సైకిలు ఎక్కేసరికి నాలుగూ ముప్పై నాలుగు. బడి చేరేసరికి నాలుగూ నలభై ఐదు.

గేటు దగ్గర ముప్పై తొమ్మిదో నంబరు బూట్లు పక్కపక్కన పెట్టి ఉన్నాయి.

లోపల బెంచీ మీద ఇద్దరు పిల్లలు కూచున్నారు. డోర్కా మణికట్టు మీద పంటిగాట్లు ఎర్రగా ఉన్నాయి, కానీ ఏడవడం లేదు. పక్కనున్న పిల్ల కాళ్ళకి ఏమీ లేవు, ఆ కాళ్ళు నేలకి అందడం లేదు. డోర్కా తలుపు వైపు చూస్తోంది. చువ్వల్ని తప్ప దేన్నీ చూడని పిల్ల ఒక్క సాయంత్రంలో ఎదురుచూడడం నేర్చుకుంది.

"అందరి అమ్మలూ వచ్చి వెళ్ళిపోయారు," అంది మాగ్డి. "ఇది తలని గోడకేసి కొట్టుకోవడం మొదలెట్టింది, నేను పట్టుకుంటే ఇంకా ఎక్కువైంది. ఆ కేకలు విని ఇబోయా గేటు దగ్గర కాసేపు నిలబడింది. తర్వాత బూట్లు విప్పి లోపలికొచ్చేసింది."

"పట్టీ ఇవ్వండి. ఇద్దర్నీ తీసుకెళ్తా."

"ఎక్కడ పెడతావు సంతకం? దాని పేరు లేదు. నువ్వే కొట్టించావు," అంది మాగ్డి. "పేరు లేని పిల్లని ఎవరికని అప్పజెప్పను? ఒకటి మాత్రం చెప్తా, పేరు లేదు కాబట్టి లెక్కలోకీ రాదు. నీ పిల్ల చోటుకి ఢోకా లేదు."

రెనాటా బెంచీ ముందు మోకాళ్ళ మీద కూచుంది. వెళ్దాం రమ్మని ఇబోయా చెయ్యి పట్టుకుని లాగింది. ఆ చెయ్యి చిన్నగా, చల్లగా ఉంది. ఆ పిల్ల కదల్లేదు.

"ఎందుకు వచ్చావే," అంది రెనాటా. "చలికాలానికి పేపరు చదువుతానన్నావు."

"చదివేదాన్నే," అంది ఇబోయా. "పది అక్షరాలు వచ్చాయిగా. కానీ ఇది ఒక్కతే ఇక్కడ కూచుంటే ఎలా ఉంటుందో నీకు తెలీదు, రెనీ. నువ్వు ఇంటికెళ్ళు. రోజూ నేనుంటాను. నువ్వు ఎప్పుడొచ్చినా పర్లేదు."

ఆ మాట వినగానే రెనాటాకి ఒంట్లోంచి బరువు దిగినట్టయింది. ఎన్నో ఏళ్ళకి కలిగిన ఊరట. అది ఎందుకు కలిగిందో తెలిసి, సిగ్గుతో తల దించుకుని, డోర్కా ఒక్కదానికే సంతకం పెట్టి, బయటికొచ్చింది.

సోమవారం పోస్టుమాస్టరమ్మ ఆమెని పిలిచి, ఐదింటిదాకా ఉండడం కుదురుతుందా అని అడిగింది.



"ఉంటానండి," అంది రెనాటా. "పిల్ల దగ్గర మనిషి ఉంది."