క్యాసెట్టులోని చెలక

ఆదివారం ఉదయం పది గంటలకు సారవ్వ వేణుమాధవ్ ఇంటి గేటు తీయడం, ఆమె వెనుక భర్త బిక్షం సద్దిడబ్బా పట్టుకుని మెల్లగా నడిచి రావడం ఏడేళ్లుగా తప్పని ఆనవాయితీ. చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, చేతులు కొంగుతో పొడిగా తుడుచుకుంటే తప్ప ఆమె ముందు గదిలో అడుగు పెట్టదు. ఆ నియమం వేణుమాధవ్ విధించినది. గోదావరిఖనిలో బొగ్గు దుమ్ము చేరని చోటు లేదు కాబట్టి, కనీసం ఆ ఒక్క గదిలోకైనా అది రాకూడదని ఆయన పట్టుదల.

భూగర్భ గనిలో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా ముప్పై నాలుగేళ్లు పనిచేసి పదవీ విరమణ చేసిన వేణుమాధవ్, అందరూ సోఫాలు వేసుకునే ఆ గదిలో అద్దాల బీరువాలు చేయించి, జపాను దేశపు పాత వీడియో గేమ్ యంత్రాలను వరుసగా పేర్చుకున్నాడు. ఎరుపూ తెలుపూ కలిసిన ఫామికాం, బూడిదరంగు సూపర్ ఫామికాం, నల్లని మెగా డ్రైవ్, చిన్న సద్దిడబ్బాను పోలిన పీసీ ఇంజిన్, డిస్కులు తిప్పే శాటర్న్. కొన్ని హైదరాబాదు పాత సామాను అంగళ్లలో దొరికాయి, కొన్ని ఒసాకా నుంచి తపాలాలో వచ్చాయి. అవి నూరు వోల్టులతో నడిచే యంత్రాలు. మన ఇళ్లలో ఉండేది రెండువందల ముప్పై. అందుకని ఆయన స్వయంగా తీగ చుట్టి ఒక ట్రాన్స్‌ఫార్మర్ తయారు చేసుకున్నాడు. ఈ వయసులో ఈ ఆటలేమిటని అడిగినవారికి ఆయన ఒకే జవాబు చెప్పేవాడు: "ఒకసారి దీని మూత విప్పి లోపల చూడండి. ఎవరూ చూడని చోట కూడా ఎంత శుభ్రంగా పనిచేశారో తెలుస్తుంది."

బిక్షం ఆయన దగ్గర ఇరవై రెండేళ్లు హెల్పరుగా పనిచేసినవాడు. రిటైరయిన కొత్తలో ఒక ఆదివారం భార్యను వెంటబెట్టుకుని పాత సారును పలకరించడానికి వచ్చి, కూలరు గాలికి కుర్చీలోనే నిద్రపోయాడు. ఊరికే కూర్చున్న సారవ్వకు పొద్దుపోక, టీవీలో కదులుతున్న బొమ్మను చూసి, "సారూ, గా టోపీ పోరడు ఏం జేస్తున్నడు?" అని అడిగింది.

"వ్యవసాయం."

"గిట్లనా? గడ్డపార గట్ల పడ్తరా ఎవలన్న? ఇటియ్యిండ్రి."

ఆ రోజు తీసుకున్న కంట్రోలరును ఆమె ఇప్పటిదాకా వదల్లేదు.

ఆటలోని రాత అంతా జపనీసు లిపి. తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ చదవగలనన్న గర్వం ఉన్న వేణుమాధవ్ ఆ అక్షరాల ముందు నిఘంటువు పెట్టుకుని కుస్తీ పడుతుంటే, ఏ లిపీ రాని సారవ్వ ఆకారాలను గుర్తుపట్టి విత్తనాలు కొన్నది, పశువులను కొన్నది. పొలానికి పేరు పెట్టమని ఆట అడిగినప్పుడు కొడవలిలా ఉన్న ఒక అక్షరాన్ని, గాలంలా ఉన్న మరో అక్షరాన్ని ఎంచుకున్నది.

"దాన్ని ఎలా చదువుతారో తెలుసా అక్కా?" అన్నాడాయన.

"మీకెర్కనా?"

ఆయనకూ తెలియదు.

"అయితె ఇద్దరం ఒక్కటే బడి," అని ఆమె నవ్వింది.

కొన్ని నెలలు గడిచాక గానీ ఆయనకు ఒక సంగతి అర్థం కాలేదు. ఆమె కంచెలు వేసిన తీరు, బాట వదిలిన తీరు ఆటలోని లాభనష్టాలకు పొసగడం లేదు. ఉత్తరపు మూలన పగలగొట్టవలసిన ఒక పెద్ద రాయిని అలాగే వదిలేసింది. అది దండగ కదా అని ఆయన అంటే, "గది పోచమ్మ సారూ. దాన్ని ముట్టద్దు," అన్నది. అప్పుడు బిక్షం నెమ్మదిగా చెప్పాడు. తమ ఊరు నాగులకుంటలో ఉండిన మూడెకరాల చెలక, వానకు పండే మెట్టపొలం, అచ్చంగా అలాగే ఉండేదట. ఊరు ఓపెన్‌కాస్టు గని కింద పోయి పన్నెండేళ్లయింది. ఇప్పుడు అక్కడ నాలుగు వందల అడుగుల గొయ్యి ఉన్నది. చెలక ఫొటో ఒక్కటి కూడా తీసుకోలేదు. పొలానికి ఫొటో తీయాలని ఎవరికి తోస్తుంది?

ఈ వేసవిలో, ఏటా చేసినట్టే, వేణుమాధవ్ ఆటల క్యాసెట్టులన్నీ విప్పి దుమ్ము తుడిచి, లోపలి గుండీ సెల్లుల వోల్టేజి కొలిచాడు. మూడు వోల్టులు ఉండవలసిన చోట సారవ్వ పొలం ఉన్న క్యాసెట్టు రెండు పాయింట్ రెండు చూపింది. మీటరు తప్పేమోనని మరో మీటరుతో కొలిచాడు. అదీ అంతే చూపింది.

ఆదివారం ఆమె రాగానే దాచకుండా చెప్పాడు.

"గింతేనా? సెల్లు అయిపోతె కొత్తది ఎయ్యిండ్రి. టార్చిలైటుకు ఎయ్యమా?"

"టార్చిలైటుకు జ్ఞాపకం ఉండదు అక్కా. ఈ క్యాసెట్టుకు ఉంటది. మీ చెలక, ఆవులు, కోళ్లు, అన్నీ ఆ సెల్లు బలం మీదనే నిలిచి ఉన్నయి. అది చచ్చిన రోజు మొత్తం బీడే కనిపిస్తది."

సారవ్వ కంట్రోలరును ఒళ్లో పెట్టుకున్నది. "ఎన్నొద్దులు ఆగుతది?"

"చెప్పలేను. వానకాలం దాక ఆగవచ్చు. వారంలో పోవచ్చు. నేను మారుస్తాను. మీరు ఫికర్ పెట్టుకోవద్దు."

మాట ఇచ్చినవాడు ముందుగా సాధన చేయాలి. సోమవారం ఉదయం తన సొంత క్యాసెట్టు ఒకటి తీసుకున్నాడు. అందులో ఒక యోధుణ్ణి ఆయన రెండేళ్లుగా పెంచుతున్నాడు. గనిలో నేర్చిన క్రమంలో ఒక్క మెట్టు తప్పకుండా పని చేశాడు. స్విచ్చు కట్టేశాడు, ప్లగ్గు పీకాడు, 'పని జరుగుచున్నది' అన్న ఎర్ర అట్టను స్విచ్చుబోర్డుకు వేలాడదీశాడు. పాత సెల్లు తీసి కొత్తది అతికించడానికి మూడు నిమిషాలు పట్టింది. గనిలో సప్లయి తీసిన తరువాత కూడా కేబుల్లో చార్జి కొంతసేపు మిగిలి ఉండి, ఏమరుపాటుగా ఉన్నవాడిని కొడుతుంది. ఆ భయంతోనే ఆయన జీవితమంతా పనిచేశాడు. కాబట్టి జ్ఞాపకాన్ని ఉంచే ఈ బుల్లి చిప్పులో కూడా మూడు నిమిషాలకు సరిపడా ఏదో మిగిలి ఉంటుందని ధైర్యపడ్డాడు.

ఏమీ మిగలలేదు. యంత్రం వేసి చూస్తే యోధుడు లేడు. మూడు ఖాళీ గడులు మాత్రం ఉన్నాయి.

ఆయన మళ్లీ మూత తీసి, అతుకును మీటరుతో పరీక్షించాడు. అతుకులో లోపం లేదు. పద్ధతిలో లోపం లేదు. అంతా సరిగ్గా చేసినందుకే అది చచ్చిపోయింది.

సాయంత్రం బిక్షాన్ని పిలిపించి జరిగింది చెప్పాడు. బిక్షం క్యాసెట్టును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సార్, మీరు కరెంటు బంద్ పెట్టిన్రు కదా?"

"పెట్టకుండా మూత తీస్తారా ఎవరైనా?"

"మిషిన్ చాలూ ఉన్నప్పుడు గీ చిప్పుకు కరెంటు ఎక్కడికెల్లి వస్తది? సెల్లు నుంచా, మిషిన్ నుంచా?"

వేణుమాధవ్ కరెంటు దారిని మనసులో వెంబడించాడు. యంత్రం నుంచే వస్తుంది. యంత్రం నడుస్తుండగా సెల్లు పీకితే చిప్పుకు ఆ సంగతే తెలియదు. చిన్నపిల్లవాడికి కూడా తట్టవలసిన ఆ ఉపాయం తనకు తట్టకపోవడానికి కారణం తన ముప్పై నాలుగేళ్ల అనుభవమే.

"అంటే కరెంటు ఉండగానే అతికించాలంటావు."

"మూడో సీము పంపు లెక్క," అన్నాడు బిక్షం. అని నాలుక కరుచుకున్నాడు.

ఆ పంపు సంగతి ఇద్దరూ ఎన్నడూ ఎత్తలేదు. ఇరవై ఏళ్ల క్రితం ఒక వానకాలం, మూడో సీము అనే బొగ్గు పొరలో నీళ్లు ముంచుకొస్తున్న సొరంగంలో పంపు ఆగితే పనిచేసే చోటంతా మునిగిపోతుందని, బిక్షం సప్లయి తీయకుండానే వదులైన కనెక్షను బిగించాడు. పంపు ఆగలేదు. మర్నాడు అతనికి చార్జిషీటు రాసినవాడు వేణుమాధవ్.

"ఆ రోజు నేను రాసింది..."

"కరెక్టే సార్. గ్యాసు ఉంటె ఒక్క నిప్పురవ్వకు నేనొక్కణ్నే కాదు, షిఫ్టు మొత్తం పోయేది. ఇంటికి పోయినంక నాగ్గూడ గదే యాదికొచ్చింది." బిక్షం క్యాసెట్టును బల్లమీద పెట్టాడు. "గీడ గ్యాసు లేదు కదా. అయిదు వోల్టుల దానికి ఎవడు సస్తడు?"

"చెలక చస్తుంది," అన్నాడు వేణుమాధవ్.

పనికి వచ్చే ఆదివారం ముహూర్తం పెట్టుకున్నారు. రోజూ మధ్యాహ్నం రెండు గంటలకు ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు జరుగుతుంది. ఆ దెబ్బకు కిటికీ రెక్కలు, బీరువా అద్దాలు కూడా గలగలమంటాయి. పైడొప్ప లేకుండా గుచ్చిన క్యాసెట్టు బోర్డు, కరెంటు ఉండగా ఆ అదురుకు కదిలితే జ్ఞాపకం చెదిరిపోతుంది. అందుచేత రెండింటిలోపల అంతా ముగించి యంత్రం ఆపెయ్యాలి.

పదకొండుకు మొదలుపెట్టారు. సారవ్వ గోడకు ఆనుకుని కింద కూర్చున్నది. వేణుమాధవ్ డొప్ప తీసిన బోర్డును సూపర్ ఫామికాంలో గుచ్చి, స్విచ్చు వేశాడు. తెరమీద ఆట పేరు వెలిగింది. సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్‌ను కాచి, దాని కరెంటు బోర్డులోకి పారకుండా ప్లగ్గు పీకి, బోర్డు మీదికి తెచ్చాడు. తెచ్చినవెంటనే ఎడమ చెయ్యి తనంతట తానే యంత్రపు స్విచ్చు మీదికి వెళ్లింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ వెళ్లింది. మూడోసారి బిక్షం ఆ చేతిని పట్టుకోవలసి వచ్చింది.

"ఏంది సారూ, మీ చెయ్యి మీ మాట ఇంటలేదా?" అన్నది సారవ్వ.

"ముప్పై నాలుగేళ్లు ఒక్క మాటే నేర్పినానక్కా. ఇప్పుడు వద్దంటే వింటదా?" వేణుమాధవ్ కుర్చీలోంచి లేచాడు. "బిక్షం, నువ్వు కూర్చో. బోర్డు నేను పట్టుకుంటా."

"నేనా సార్?"

"నువ్వే. నా ఎదురుగానే, కరెంటు తీయకుండానే. నేనే చెప్తున్నా కదా."

బిక్షం కళ్లజోడు సవరించుకుని కూర్చున్నాడు. కేబుల్ జాయింట్లు చేసిన ఆ మొద్దువేళ్లు బియ్యంలో రాళ్లు ఏరినంత తేలికగా కదిలాయి. పాత సెల్లుకున్న ఒక కాలు ఊడింది. ఐరన్‌ను మళ్లీ కాచి, రెండో కాలు ఊడదీశాడు. ముప్పై ఏళ్ల నాటి సెల్లు బల్లమీద పడింది. ఆ క్షణంలో ఊళ్లో కరెంటు పోతే అంతా పోయినట్టే. వేణుమాధవ్ పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూడకుండా ఉండలేకపోయాడు. కొత్త సెల్లు కూర్చున్నది. ఒక చుక్క సీసం, ఇంకొక చుక్క.

"అయింది సార్."

సారవ్వ లేచి వచ్చి కంట్రోలరు అందుకున్నది. పొలం తెరుచుకున్నది. కంచెలు, బాట, ఆవులు, మక్కజొన్న చేను అన్నీ ఉన్నాయి. బిక్షం గట్టిగా ఊపిరి వదిలాడు.

వేణుమాధవ్ మాత్రం వదల్లేదు. "ఇప్పుడు దీన్ని నిలబెడుతున్నది యంత్రం. యంత్రం ఆపితే సెల్లు నిలబెట్టాలి. అతుకు లోపల సరిగ్గా పట్టిందో లేదో, ఆపి మళ్లీ వేస్తే గానీ తెలియదు."

ఒంటిగంటయింది. సద్దిడబ్బా విప్పి తిన్నారు. యంత్రం నడుస్తూనే ఉన్నది. "జరసేపు ఆగుదాం," అన్నాడు బిక్షం. "ఆగుదాం," అన్నాడు వేణుమాధవ్. ఒంటిగంటా నలభై అయింది. స్విచ్చుకు దగ్గరగా ఉన్నవాడు వేణుమాధవ్. ఉదయం వద్దన్నా స్విచ్చు మీదికి పరుగెత్తిన చెయ్యి ఇప్పుడు ఒళ్లోంచి కదలడం లేదు.

సారవ్వ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "బ్లాస్టింగు టైమైతున్నది. ఏంది గిట్ల కూసున్నరు?"

"నువ్వే చెప్పు, ఏం చేద్దాం?" అన్నాడు బిక్షం.

ఆమె కంట్రోలరు మళ్లీ అందుకున్నది. టోపీ పోరణ్ని పొలమంతా ఒక చుట్టు తిప్పింది. బావి దగ్గర ఆగింది. మక్క వరుసల మధ్య నడిపించింది.

"ఊరు పోయిన నాడు నన్ను ఎవ్వలడిగిన్రు? లారీల సామాను ఎక్కినంకనే ఎర్కయింది. గిదన్న నా చేతిలున్నది. నేనే బంద్ చేస్త. ఉంటె ఉంటది, లేకుంటె మల్ల దున్నుకుంట. జరుగున్రి."

వంగి స్విచ్చు కట్టేసింది. తెర నల్లబడింది.

సైరన్ మోగింది. రెండు నిమిషాల తరువాత నేల కింద ఏదో పెద్దది పక్కకు ఒత్తిగిల్లినట్టు ఇల్లంతా కదిలింది. బీరువా అద్దాలు గలగలలాడాయి. అలికిడి అణగింది.

వేణుమాధవ్ బోర్డును మెల్లగా తీసి, డొప్పలో బిగించి, యంత్రంలో గుచ్చి పక్కకు తప్పుకున్నాడు. స్విచ్చు సారవ్వే వేసింది. ఆట పేరు వచ్చింది, పాట వచ్చింది. ఆమె గుండీ నొక్కింది.

తెర మీద తెల్లవారింది. మంచులో తడిసిన మక్కచేను గాలికి ఊగుతున్నది. కోడి కూసింది.

"ఓ బిక్షం!" అన్నాడు వేణుమాధవ్. అతని భుజం మీద చెయ్యి వేశాడు. బిక్షం కళ్లజోడు తీసి అంగీతో తుడవడం మొదలుపెట్టాడు. ఎంతసేపటికీ ఆపలేదు.

"మీ ఇద్దరి సంబురం అయితె జర కూలర్ల నీళ్లు పొయ్యిండ్రి, ఉడ్కపోస్తున్నది," అన్నది సారవ్వ, తెర మీదినుంచి కళ్లు తిప్పకుండా. ఆమె టోపీ పోరణ్ని బాట దాటించి, కంచె పక్కన ఆపింది. ఒక కొయ్య పీకింది. ఇంకొకటి పీకింది. కంచెకు అవతల ఏడేళ్లుగా ఎన్నడూ ముట్టని బీడు ఉన్నది.

"అక్కడికి పోతున్నవేంది?" అన్నాడు బిక్షం. "గది మనది కాదు కదా. మన హద్దు ఈడిదాకనే."

"అప్పటి హద్దు అది," అంటూ సారవ్వ గడ్డపార ఎత్తించింది. "గింత జాగ ఖాళీగున్నది. ఈసారి గీడ కందులు ఏద్దాం, ఇత్తులు దొరుకుతయేమో సారును అడుగు."

కందులు ఆ ఆటలో లేవని వేణుమాధవ్‌కు తెలుసు. అయినా లేచి, నిఘంటువు తీసి, విత్తనాల పేర్లు మళ్లీ మొదటినుంచి చూడసాగాడు.