మట్టిలో వైడెన్‌ఫుర్ట్

కరుప్పన్ పడమటి గోడతో మొదలుపెట్టాడు. రోజూ తెల్లవారగానే ఆ మట్టి గోడకు పడిన బీటలు పూడ్చి, చూపులేని పెద్దయ్య వేళ్ళకు గరుకు తగలకుండా తడి చేత్తో నిమిరేవాడు. ఇవాళ పార తిరగేసి ఒక్క దెబ్బ వేశాడు. గోడా, దాని వెనక తోళ్ళు పదును చేసేవాళ్ళ వీధీ, ఉప్పు కొట్టూ కలిసి ముద్దయిపోయాయి.

అరవదేశంలో, కినత్తుకడవు మిషను బంగళా వెనక, నాలుగు మంచాలు వేసేంత మేర పరుచుకున్న మట్టి ఊరు అది. పెద్దయ్య పుట్టిన జర్మనీ ఊరు, పేరు వైడెన్‌ఫుర్ట్. రెండేళ్ళ కిందట ఆ ముసలి పాదిరికి చూపు పోయినప్పుడు, ఆయన చెబుతూ ఉంటే తోటపని చేసే కరుప్పన్ కట్టాడు. పడమర ఏరు, ఏటి మీద వంతెన, మూడు ద్వారాలు, నడుమ చర్చి, దాని ముందు సంత. ఏ ఏడు ఏరు పొంగి సంతలో పడవలు తిరిగాయో, ఏ వీధి కాలి బూడిదైందో, ఏ దండు ఏ ద్వారం దగ్గర ఎన్నాళ్ళు కూర్చుందో కరుప్పన్‌కు కంఠతా వచ్చు. తన తాతలు చెరువులు తవ్వుకుంటూ ఉత్తరాన్నుంచి దిగి వచ్చారని తప్ప, వాళ్ళది ఏ ఊరో మాత్రం తెలియదు. ఇంట్లో తెలుగు మిగిలింది, చేతిలో పార మిగిలింది, ఊరి పేరు మిగల్లేదు. ఆ లోటును వేరొకరి ఊరితో తీర్చుకున్నాడనుకోవచ్చు.

యాభై దాటిన మనిషి. నడుం వంగింది, మడమలు పగిలాయి. ఎప్పుడో బావిలో రాయి పడి ఎడమచేతి రెండు వేళ్ళు ముడుచుకోవు. ఇరవై ఏళ్ళుగా ఈ బంగళా మొక్కలకు నీళ్ళు పెడుతున్నాడు. అతని గురించి ఇంతకు మించి ఎవరూ ఎప్పుడూ చెప్పుకోలేదు.

చిక్కల్లా రెండు నెలలుగా పెద్దయ్య మనసు ఆ ఊళ్ళోనే ఉండిపోవడంతో వచ్చింది. పొద్దున్నే లేచి ద్వారం గంట కొట్టారంటాడు. రొట్టెల కొట్టు తెరిచారా అని కరుప్పన్ పెండ్లాం రామాయిని అడుగుతాడు. ఇది ఏ ఊరని ఎవరడిగినా వైడెన్‌ఫుర్ట్ అంటాడు. నిన్న సాయంత్రం కొత్తగా వచ్చిన చిన్నయ్య కరుప్పన్‌ను పిలిచి సంగతి చెప్పాడు. ముప్పై ఏళ్ళు నిండని పాదిరి. నియమాల దగ్గర మాత్రం నూరేళ్ళ ముసలివాడు. మతి తప్పిన పాదిరిని స్వదేశానికి పంపాలి. రేపు పది గంటలకు కంపెనీ డాక్టరు వచ్చి ఇది ఏ ఊరని అడుగుతాడు. జవాబు తప్పితే బండి కట్టడమే. రేవుకు పదిహేను రోజులు, ఆపైన ఓడలో అయిదు నెలలు.

"దోవలో పోతే ఎట్ల అయ్యా?" అని అడిగాడు కరుప్పన్.

ఓడలో పోయినవాళ్ళను గుడ్డలో చుట్టి సముద్రంలో వదులుతారని చిన్నయ్య నేల చూస్తూ చెప్పాడు. కరుప్పన్ పుట్టినప్పటి నుంచీ మన్ను తవ్వి మోసినవాడు. ఒక మనిషికి చివర్లో ఆరడుగుల మన్ను దొరకదంటే అతను ఒప్పుకోలేకపోయాడు. పైగా ఆ ఊరు కట్టి, పెద్దయ్యను అందులోకి తోసింది తన చేతులే.

నీళ్ళ కడవతో వచ్చిన రామాయి అక్కడే నిలబడిపోయింది.

"ఏంది మామా, ఊరునంతా పడగొడతా ఉండావు? పావం, చెయ్యి పెట్టి చూస్తే ఆయనకు గుండె ఆగిపోదా?"

"ఆగితే ఈడనే ఆగనీ. నీళ్ళు పొయ్యి."

చదును చేసిన చోట తాముంటున్న ఊరినే కట్టసాగాడు, ముందు బావి పెట్టాడు. గుండ్రటి ఒర, ఎద్దులు మోట లాగే వాలు బాట, తోటలోకి పోయే కాలువ. తరువాత బంగళా, దానికి ఆరు స్తంభాలు. తమ గుడిసెల వరుస. పొల్లాచ్చి బాట. బాట పొడుగునా కొబ్బరిచెట్లకు గుర్తుగా ఈనెపుల్లలు గుచ్చాడు. ఎండ వరండా మెట్టెక్కింది. మన్ను ఇంకా గట్టిపడలేదు. మూడో స్తంభం రెండుసార్లు కూలింది. తొందరపడేకొద్దీ ఆ రెండు వేళ్ళు అడ్డం వచ్చాయి. ఆరో స్తంభం నిలబెడుతుండగా బండి గంటలు వినిపించాయి.

గొడుగు కిందే కుర్చీలో కూర్చున్నాడు డాక్టరు. చిన్నయ్య పెద్దయ్యను నడిపించుకొని వచ్చాడు. ఒకప్పటి పొడుగు మనిషి. ఇప్పుడు చొక్కా భుజాల మీంచి జారుతోంది, గడ్డం మీద గంజి మరక ఉంది. అలవాటుగా పీట మీద కూర్చొని, అలవాటుగా పడమటికి చెయ్యి చాపాడు. అక్కడ ఏరు లేదు. వేళ్ళు చదును నేల మీద వెతికాయి.

"కరుప్పా, వంతెన ఏడ?"

కరుప్పన్ నోరు తెరిచాడు. మాట్లాడొద్దని చిన్నయ్య సైగ చేశాడు. డాక్టరు ఏదో చెప్పాడు, చిన్నయ్య దాన్ని తమ భాషలో పెద్దయ్యను అడిగాడు. కరుప్పన్‌కు ఆ భాష రాదు. ఆ నోటి నుంచి ఒక్క పేరు కోసం చెవులు రిక్కించి నిలుచున్నాడు.

పెద్దయ్య చెయ్యి మెల్లగా ఇటు పాకి బావి ఒరకు తగిలింది. వేలు లోపలికి దిగింది. వాలు బాట ఎక్కింది, కాలువ పట్టుకొని బంగళా దాకా వచ్చింది, ఒక్కొక్క స్తంభాన్నీ తాకింది. ఆరోది తాకగానే విరిగింది. చిన్నయ్య మళ్ళీ అడిగాడు. కరుప్పన్ వంగి ఆ విరిగిన ముక్కను పిడికిట్లోకి తీసుకున్నాడు.

"కినత్తుకడవు," అన్నాడు పెద్దయ్య. తరువాత తమ భాషలో ఇంకేవో నాలుగు మాటలు చెప్పాడు.

డాక్టరు తల ఊపి లేచాడు. బండి వరకు వెళ్ళి వచ్చిన చిన్నయ్య, పంపడం లేదని అరవంలో చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు. అతని కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"మూడు దండ్లు వచ్చినా నిలిచిన ఊరు," అన్నాడు పెద్దయ్య. "ఎవరు పడగొట్టినారు?"

"నేనే అయ్యా. తప్పే." కరుప్పన్‌కు ఏడుపు వచ్చింది.

"ఏడవద్దురా. నలభై ఏండ్లు ఈడ ఉంటిని. రెండు నెలలు ఆడికి పోయి వచ్చినాను, అంతే." మళ్ళీ బావి ఒర తడిమాడు. "ఇదీ బాగుండాది. ఒక్క తావు మరిచిపోయినావు."

"ఏది అయ్యా?"

"నన్ను ఏడ పెడతావు?"

పెద్దయ్య బావి దగ్గర నుంచి తూర్పుకు జానెడు కొలిచి, మెత్తటి మట్టిలో బొటనవేలు నొక్కాడు. కొంచెం సేపు అక్కడే కూర్చుంటానన్నాడు. మధ్యాహ్నం రామాయి గంజి తెచ్చేసరికి తల ఛాతీ మీదికి వాలి ఉంది. చెయ్యి మట్టిలోనే ఉంది, చల్లగా.

ఆయన చూపిన తావు బావికి తూర్పున మునగచెట్ల అవతల వచ్చింది. కరుప్పన్ ఒక్కడే తవ్వాడు, ఎవరినీ పార పట్టనివ్వలేదు. పొద్దు వాలకముందే చిన్నయ్య ప్రార్థన చదివాడు. అందరూ తలా పిడికెడు మన్ను వేశారు. కరుప్పన్ మూడు పిడికిళ్ళు వేశాడు.

పార కడుక్కోవడానికి బంగళా వెనక్కి వచ్చాడు. ఎండకు ఆ చిన్న కినత్తుకడవు తెల్లగా ఆరిపోయింది. బావికి తూర్పున బొటనవేలు దిగినంత గుంట, దాని అడుగున గోటి గీత అలాగే ఉన్నాయి.