రంకెలు వేసే సైలెన్సర్

హోయిట్ విసిరిన రెంచి వెర్లిన్ చెవి పక్కనుంచి దూసుకుపోయి గోడ మీది కేలెండర్‌ను చీల్చింది. తగలాలని విసరలేదు, ఊరికే విసరాలని విసిరాడు. బావాబావమరుదుల మధ్య ఆ మాత్రం మర్యాద ఉంది.

గొడవంతా సైలెన్సర్ గురించి. వెర్లిన్ ట్రక్కు కింద పాతది తుప్పు పట్టి రోడ్డు మీద ముక్కలుగా రాలిపోయింది. అది ఖాళీగా షికార్లు కొట్టే బండి కాదు. వెనక ట్రెయిలర్, ట్రెయిలర్‌లో డీకన్ అనే ఆంబోతు. పొడిచే ముందు ప్రార్థన చేస్తున్నట్టు బుద్ధిగా తల వంచుతాడని చర్చి పెద్దల పేరు పెట్టారు. ఆంబోతుల మీద స్వారీ పోటీలు జరిగే రోడియోలకు ఆంబోతుల్ని తోలే ఓపల్ టాకెట్ శనివారం వాణ్ణి చూస్తానంది. వెర్లిన్ తన జన్మలో పెంచిన జీవాలన్నిటిలో ఆవిడ కంట పడింది ఇదొక్కటే. ఆవిడ తన మందలో చేర్చుకుంటే డీకన్‌కు పేరు, లేకపోతే కసాయి కొట్టు. మనుషుల మీదికి వచ్చే ఆంబోతును ఇంకెవరూ మేపరు.

"సైలెన్సర్ డబ్బా బిగిస్తే ఇంజన్ గొంతు పిసికినట్టే బావా," అన్నాడు హోయిట్. ఊళ్ళో సైలెన్సర్లు బిగించే షెడ్డు అతనిదే. "డబ్బా గిబ్బా లేకుండా నేరుగా గొట్టం ఏసేద్దాం. పొగ సాఫీగా పోద్ది, ఇంజన్ చల్లగా ఉంటది. ఎత్తెక్కేటప్పుడు నీ బండి పాటలు పాడతది."

"పాటలొద్దురా. నా ఆంబోతు నిద్రపోవాలి."

"ఏం, పొద్దున్నే లేచి చర్చికెళ్ళాలా?"

"ఎళ్తే నీకంటే పద్ధతిగా కూర్చుంటాడు."

ఆ మాటకే రెంచి లేచింది. బదులుగా వెర్లిన్ నేల మీదున్న గొట్టం ముక్క తీసి బామ్మర్ది పొట్టలో పొడిచాడు. హోయిట్ తలతో కుమ్మాడు. వెర్లిన్ ముక్కులోంచి నెత్తురు బొటబొటా కారింది. ఇద్దరూ ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని నూనె మరకల మీద దొర్లి, అలిసిపోయి, టైర్లకు ఆనుకుని కూర్చుని చెరో చిటికెడు పొగాకు బుగ్గన పెట్టుకున్నారు.

"ఓసారి ఇను బావా. నచ్చకపోతే పీకేస్తా."

బిగించి స్టార్ట్ చేశాడు. వెర్లిన్ చెవి ఒగ్గి విన్నాడు. అంత కమ్మటి గొంతు ఆ బండికి ఉందని అతనికి తెలియదు. "సర్లే, ఉంచు," అన్నాడు, ముక్కు తుడుచుకుంటూ. ట్రెయిలర్ తగిలించి, బరువు లాగుతుండగా వినాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. పెళ్ళిచూపుల్లో పాట పాడించుకుని, కాపురం ఎలా ఉంటుందో తెలిసిపోయిందనుకున్నట్టుంది వాళ్ళ వ్యవహారం. పైగా గొట్టం మూతిని హోయిట్ కుడి వైపు, వెనక చక్రానికి కాస్త ముందు, బయటికి తిప్పాడు.

శనివారం ఇద్దరూ డీకన్‌ను ఎక్కించుకుని బయల్దేరారు. చదును రోడ్డు మీద బాగానే ఉంది. పెద్ద ఎత్తు మొదలై ట్రెయిలర్ బరువు పడగానే గొట్టం గొంతు మారింది. పాట పోయి, కడుపులోంచి వచ్చే మూలుగు మిగిలింది. పొడుగ్గా, బొంగురుగా, ఆగకుండా.

వెనకనుంచి అచ్చం అలాంటిదే ఇంకో మూలుగు జవాబిచ్చింది.

"ఏంట్రా అది?"

"గేరు బావా."

"గేరు రంకేస్తదా?"

అంతలోనే మొదటి దెబ్బ పడింది. ట్రక్కు వెనక భాగం పక్కకు జరిగింది. రెండో దెబ్బకు హోయిట్ తల అద్దానికి కొట్టుకుంది. తొందరగా చేరిపోదామని వెర్లిన్ యాక్సిలరేటర్ తొక్కాడు. గొట్టం ఇంకా గట్టిగా మూలిగింది, డీకన్ ఇంకా గట్టిగా గుద్దాడు. ట్రెయిలర్ పాములా మెలికలు తిరుగుతోంది. ఎదురొచ్చిన గోధుమల లారీ ఒక పక్క అద్దాన్ని పీక్కుపోయింది. మిగిలిన అద్దంలో చూస్తే ట్రెయిలర్ పలకల సందుల్లోంచి నెత్తురు చారలు.

రోడియో మైదానం వెనక వైపుకు ఎలాగో చేరారు. వెర్లిన్ బండి ఆపాడు కాని ఇంజన్ ఆపలేదు. బరువు లాగి వేడెక్కిన డీజిల్ ఇంజన్‌ను వెంటనే ఆపకూడదని వాళ్ళ నాన్న చెప్పాడు, వాళ్ళ నాన్నకు వాళ్ళ నాన్న చెప్పాడు. ఆ పక్క మనుషులు ఇల్లు తగలబడుతున్నా ఇంజన్‌ను చల్లారనిచ్చే దిగుతారు.

హోయిట్ కుడి వైపు దిగాడు. అదే క్షణంలో ట్రెయిలర్ తలుపు బందులు తెగాయి. డీకన్ బయటపడి, అటూ ఇటూ చూడకుండా నేరుగా గొట్టం మీదికి వచ్చాడు. మధ్యలో హోయిట్ ఉన్నాడు. ఒక్క విసురుకు హోయిట్ గాల్లోకి లేచి ముందు చక్రం దగ్గర పడ్డాడు. పక్కటెముకలు విరిగిన చప్పుడు వెర్లిన్‌కు లోపలికి వినిపించింది.

బెదిరించి తరుముదామని వెర్లిన్ ఇంజన్‌ను రేజ్ చేశాడు. ఆంబోతు ట్రక్కు తలుపును పొడిచింది. కొమ్ము రేకును చీల్చుకుని సీటు దాకా వచ్చింది. ఇంకా రేజ్ చేశాడు. ఇంకా పొడిచింది. అప్పుడు చూశాడు, దాని డెక్క హోయిట్ తల పక్కనే దిగింది, కాని అది హోయిట్ వంక చూడనే లేదు. వంగి గొట్టాన్ని కుమ్ముతోంది. మూతి కాలి చర్మం వాసన వస్తున్నా వెనక్కి తగ్గడం లేదు. ఇంకో ఆంబోతు కయ్యానికి పిలిచిందని దాని లెక్క.

ఇంజన్ ఆపితే దానికి మిగిలేది హోయిటే.

"ఎళ్ళు బావా," అన్నాడు హోయిట్, నెత్తురు ఉమ్ముతూ. "దాన్ని తీసుకుపో. నా కాలు మీంచి మాత్రం పోనియ్యమాక."

వెర్లిన్ స్టీరింగ్ ఎడమకు కోసి నెమ్మదిగా కదిలాడు, గొట్టం రంకెలు వేస్తుంటే. డీకన్ పక్కనే పరుగెత్తుతూ కుమ్మాడు. చక్రం పగిలింది, రేకులు లేచాయి. గేటు దగ్గరున్న ఓపల్ "తెరవండి" అని ఒక్క కేక పెట్టింది. ట్రక్కు, చిరిగిన ట్రెయిలర్, ఆంబోతు కలిసే మైదానంలోకి వచ్చాయి. నడిమధ్యలో డీకన్ గొట్టాన్ని కొమ్ముకు తగిలించుకుని మొదలంటా పెరికి విసిరేశాడు. వెర్లిన్ ఇంజన్ ఆపాడు. పడివున్న గొట్టం మీద కాళ్ళు పెట్టి డీకన్ గెలిచినట్టు అరిచాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు, ఇదీ ఆటలో భాగమేననుకుని.

హోయిట్‌ను అంబులెన్సులో ఎక్కించాక ఓపల్ దగ్గరికి వచ్చింది.

"కుమ్ముడు బాగుంది వెర్లిన్. కానీ నా మంద ఏడాదంతా లారీల్లోనే బతుకుద్ది. ఇంజన్ ఇని కయ్యానికొచ్చే జీవాన్ని నేనేం చేసుకోను?"

"ఇంజన్ కాదమ్మా, మా బామ్మర్ది గొట్టం."

"అయితే నడుస్తున్న బండి పక్కన నెమరేస్తా నిలబడతాడని చూపించు, తీసుకుంటా. లేదంటే కసాయికి ఫోన్ చేసుకో."

డీకన్ గాయాలు మానాక, పక్కటెముకలకు కట్టుతోనే హోయిట్ బాగుచేసిన ట్రక్కును వాడి దొడ్డి పక్కకు తెచ్చాడు. ఈసారి ట్రెయిలర్ తగిలించి, నిండా గడ్డిమోపులు వేసి, బ్రేకు తొక్కిపట్టి ఇంజన్ మీద బరువు పెట్టాడు. పొట్టి డబ్బా బిగించి చూశారు. డీకన్ కుమ్ముడుకు దొడ్డి కమ్మీ విరిగింది. దానికి ఇంకో చిన్న డబ్బా జోడించారు. డీకన్ తల వంచి మట్టి తవ్వాడు, మళ్ళీ ప్రార్థనే. చివరికి హోయిట్ మొహం మాడ్చుకుని, షెడ్డులో ఎవరూ కొననిది, పాల క్యానంత లావున్న డబ్బాను బిగించి, గొట్టాన్ని చక్రం వెనక్కి నేలవైపు తిప్పాడు.

"ఇది బిగించానని ఎవరికీ చెప్పమాక బావా. కుట్టుమిషన్ లాగుంది."

వెర్లిన్ దొడ్డిలోకి దిగి చూశాడు. ఇంజన్ నడుస్తోంది. డీకన్ చెవి ఒకసారి ఆడింది. తల ఎత్తి ఉంది. కాసేపటికి దవడ ఒక పక్కకు జరిగింది, తర్వాత రెండో పక్కకు. సంతోషం పట్టలేక వెర్లిన్ వెళ్ళి వాడి తొడ మీద చరిచాడు. వెనక కాలు ఎప్పుడు లేచిందో చూడలేదు. కమ్మీ మీంచి ఎగిరి అవతల హోయిట్ కాళ్ళ దగ్గర పడ్డాడు. భుజం ఎముక చొక్కాను పైకి తోస్తోంది.

"నెమరు ఆపాడా?" అన్నాడు, కళ్ళు తెరవకుండానే.

"లేదు బావా. నములుతానే ఉన్నాడు."

"అయితే డబ్బా బోల్టులు గట్టిగా బిగించు. తర్వాత ఓపలమ్మకి ఫోన్ చెయ్. ఆ తర్వాత ఆస్పత్రికి."