స్పానర్ పడకముందు

"ఇంజన్ పోయింది."

స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద, పిడి చెవి దగ్గర పెట్టుకుని వింటున్న మేస్త్రి బోవాది కళ్ళు తెరవకుండానే ఆ మాట అనేశాడు. వ్యాన్ డ్రైవర్ అడోమాకో ఇంకాస్త దగ్గరికి వంగి తనూ విన్నాడు. పొద్దున తొలి ట్రిప్పులో మాంపాంగ్ గుట్ట ఎక్కుతుంటే మొదలైంది ఈ టకటక. జనాన్ని సగం దారిలో దింపి, చార్జీలు తిరిగిచ్చి, తిట్లు ఉచితంగా తిని, వ్యాన్‌ని బతిమాలుకుంటూ కుమాసిలోని మేగజైన్ అనే మెకానిక్కుల పేట దాకా తెచ్చుకున్నాడు. కొన్ని వేల మంది మెకానిక్కులున్న ఆ పేటలో తన బండికి రోగం కుదిర్చేవాడు ఒక్కడుండడా అనుకున్నాడు.

"సరిగ్గా చూడు మేస్త్రీ. నిన్న సాయంత్రం దాకా గుర్రంలా పరిగెత్తింది."

"నిన్న బతికున్నోడే ఇయ్యాల చచ్చేది. హోమ్ యూజ్‌డ్ ఇంజన్ ఒకటుంది, ఎక్కిస్తా. పద్దెనిమిది వేల సెడీలు. కూలి వేరే."

ఐరోపాలో ఎవరో వాడుకుని వదిలేస్తే ఓడెక్కి వచ్చిన సరుకుని ఈ పేటలో హోమ్ యూజ్‌డ్ అంటారు. ఆ మాట అంటున్నప్పుడు అమ్మేవాడి గొంతులో పెళ్ళికూతురి గుణగణాలు చెప్పే మధ్యవర్తి పలుకుతాడు.

"ఎవరి హోమ్‌లో వాడారో చెప్పలేదేం?" అన్నాడు అడోమాకో.

బోవాది నవ్వలేదు. "బండి రాగానే అమ్మగారికి ఫోన్ చేశా. వస్తోంది. నేను ఇంజన్ తెస్తా, నువ్వు బండి దగ్గరే ఉండు" అని చేతులు తుడుచుకుంటూ సందు చివరికి నడిచాడు.

అమ్మగారంటే వ్యాన్ యజమానురాలు పోకువా. కేజెటియా బజార్లో బట్టల కొట్టు. రెండేళ్ళ కింద బండిని అడోమాకో చేతిలో పెట్టింది. వారం వారం ఒప్పుకున్న సొమ్ము కట్టాలి, రిపేర్లు వాడే భరించాలి, చివరి వారం కట్టిన రోజున బండి వాడిదవుతుంది. వర్క్ అండ్ పే అంటారు దీన్ని. ఒక్క వారం తప్పలేదు అడోమాకో. మలేరియాతో ఒళ్ళు కాలిపోతున్నా స్టీరింగ్ పట్టాడు. ఇంకా తొమ్మిది వారాలే ఉన్నాయి. పద్దెనిమిది వేలు అమ్మగారు పెట్టి బాకీలో కలిపిందంటే మళ్ళీ ఏడాది పైమాట.

అతను కుదురుగా నిలబడలేకపోయాడు. బండి చుట్టూ తిరిగాడు, డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు, మళ్ళీ దిగాడు. కొంపదీసి బోవాది చెప్పింది నిజమేనా? బండి వయసు తక్కువేం కాదు. ఇవాళ చిన్నది మార్చి, రేపు ఇంకోటి మార్చి, చివరికి అన్నీ కలిపితే కొత్త ఇంజనే వచ్చేదని ఏడ్చిన డ్రైవర్లని ఎందర్ని చూడలేదు?

ఇంకో మెకానిక్‌కి చూపించాలి. చూపించాలంటే ఇప్పుడే చూపించాలి. ఆ సందులో ఒక కట్టుబాటుంది. ఒక మేస్త్రి స్పానర్ పెట్టి ఒక్క బోల్టు వదులు చేశాడంటే ఇక ఆ ఇంజన్ అతనిదే. వాడు చంపినా, బతికించినా మరో మేస్త్రి ముట్టుకోడు, మాట సాయం కూడా చెయ్యడు. సాటివాడి అన్నంలో చెయ్యి పెట్టకూడదన్న మర్యాద నుంచి పుట్టిందట అది. మర్యాద మేస్త్రులది, బలయ్యేది డ్రైవర్లు.

ఎదురు షెడ్డు ముందు తావియా అనే ముసలి మేస్త్రి బల్ల మీద కూర్చుని కెంకే అనే పులిసిన మొక్కజొన్న ముద్దల్లో వేయించిన చేప నంజుకుంటున్నాడు. అడోమాకో వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తాతా, ఇంకా ఏ బోల్టూ విప్పలేదు. ఒక్కసారి వచ్చి..."

"బోవాది చెవి పెట్టి విన్నాడుగా. చెవి పెట్టినా చెయ్యి పెట్టినట్టే. పో నాయనా, నన్ను గొడవల్లోకి లాగకు."

అడోమాకో కదల్లేదు. ఎండ మాడు మీద కొడుతోంది. తావియా ఓ ముక్క తుంచి, చేప కళ్ళలోకి చూస్తూ, దానితో మాట్లాడ్డం మొదలుపెట్టాడు. ఆ ప్రాంతపు అసాంటే జనానికి ఇది కొత్తేం కాదు. మొహాన అనలేని మాటని గోడకో మేకకో చెప్పి, వినాల్సినవాడి చెవిన వేస్తారు.

"ఒసే చేపా, నువ్వు బతికున్నప్పుడు డీజిల్ బండి తోలావనుకో. టకటకమంది. ఏం చేస్తావ్? ఇంజన్ ఆన్‌లో ఉంచి, లోపలికి డీజిల్ చిమ్మే ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు కొంచెం వదులు చేసి, మళ్ళీ బిగిస్తావ్. దేని దగ్గర చప్పుడాగితే రోగం అక్కడుందన్నమాట. డ్రైవర్ చెయ్యి పెడితే తప్పేం లేదు, కట్టుబాటు మేస్త్రులకేగా."

అడోమాకో పరుగెత్తాడు. సీటు కింద స్పానర్ తీసి ఇంజన్ స్టార్ట్ చేశాడు. మొదటి నట్టు వదులు చేస్తే ఇంజన్ కుంటింది గాని చప్పుడు ఆగలేదు. రెండోది వదులు చేసినా అంతే. మూడో నట్టు తిప్పగానే డీజిల్ వేళ్ళ మీదికి చిమ్మింది, టకటక ఆగిపోయింది. బిగిస్తే మళ్ళీ వచ్చింది. ఇంకోసారి వదిలాడు, ఆగింది. ఏడవాలో నవ్వాలో తెలియక అలాగే నట్టు పట్టుకుని నిలబడిపోయాడు.

"మూడోదే తాతా!" అని అరిచాడు.

"ఎగరకే చేపా, ఎగరకు" అన్నాడు తావియా ముల్లు తీస్తూ. "ఇంజెక్టర్ చెడిపోయినా అట్టాగే ఆగుద్ది. లోపల బేరింగ్ పోయినా అట్టాగే ఆగుద్ది. ఇంజెక్టరైతే ఎనిమిది వందల్లో తేలిపోద్ది. బేరింగైతే ఏదో ఒక రోజు గుట్ట మీద రాడ్డు విరిగి ఇంజన్ చిల్లు పడుద్ది. బుద్ధున్న చేపైతే ముందు చవకది మార్చి చూసుద్ది. పై మాట దేవుడికెరుక."

ధైర్యమూ చెప్పాడు, భయమూ పెట్టాడు. అయినా అడోమాకో కాస్త తేలికపడి నట్టు బిగించాడు, ఇంజన్ ఆపి తాళాలు జేబులో వేసుకున్నాడు.

అంతలోనే సందు మలుపులో తోపుడుబండి కనిపించింది. దాని మీద తళతళలాడేలా డీజిల్‌తో కడిగిన ఇంజన్, పక్కన బోవాది, వెనక కొంగు దులుపుకుంటూ పోకువా అమ్మగారు. ఇంత తొందరగా బేరం కుదిరి, బండెక్కి వచ్చిందంటే ఈ ఇంజన్ పొద్దుటి నుంచే తయారుగా ఉండాలి. అడోమాకోకి ఒళ్ళు మండింది.

అమ్మగారు ఇంజన్ వైపు చూడలేదు. నేరుగా వ్యాన్ వెనక్కి వెళ్ళింది. వెనక అద్దం మీద పోయిన శనివారమే రాయించిన ఎర్రటి అక్షరాలున్నాయి: నా చెమట.

అదీ అడోమాకో చేసిన తప్పు. బాకీ తీరినవాడే అద్దం మీద తన మాట రాయించుకుంటాడు. తొమ్మిది వారాలేగా అనుకుని, పండక్కి కూలి పెంచుతానన్న పెయింటర్‌కి ముందే పని చెప్పేశాడు.

"ఎవరి చెమటరా ఇది?" అంది పోకువా. "బండి కొన్నప్పుడు నేను కార్చింది గంజి నీళ్ళా?"

"తప్పే అమ్మగారూ. గీకేస్తాను. కానీ ఇంజన్ పోలేదు. మూడో ఇంజెక్టర్ మారిస్తే..."

"మేస్త్రి నువ్వా, ఆయనా?"

"ఆయనే. పోనీ ఆయన్నే మూడో నట్టు వదులు చేసి వినమనండి, మీ ముందరే."

బోవాది మొహం గంటు పెట్టుకున్నాడు. "డ్రైవర్లు నాకు పని నేర్పే రోజులొచ్చాయి! చూడమ్మా, ఇయ్యాల అతుకేస్తే రేపు దారిలో ఆగుద్ది. నా పూచీ లేదు."

"విన్నావుగా? కొత్త ఇంజన్‌తో బండి పదేళ్ళు నడుస్తుంది. నీ మంచికే" అంది అమ్మగారు. గొంతు కొంచెం మెత్తబడింది. బహుశా నమ్మే అంటోందేమో. "బాకీలో కలుపుకుంటా. ఇష్టం లేదా, తాళాలిచ్చి వెళ్ళు."

రెండేళ్ళు కట్టింది కట్టినట్టే పోతుంది. తాళాలు జేబులో అడోమాకో తొడకి గుచ్చుకుంటున్నాయి. ఎదురుగా తావియా చేప ముల్లు పక్కన పెట్టి, తినడం మానేసి చూస్తున్నాడు.

"మాట్లాడవేం? సరేనా?" అంది అమ్మగారు.

ఇక మాటలెందుకన్నట్టు బోవాది స్పానర్ తీసుకుని ఇంజన్ మీదికి వంగాడు. ఒక్క బోల్టు కదిలిందంటే అంతే సంగతులు. అడోమాకో ముందుకొచ్చి, మేస్త్రి స్పానర్ పెట్టబోయిన చోట అరచెయ్యి ఆనించాడు. ఇంతసేపూ ఆడిన ఇంజన్ పెనంలా ఉంది.

"చెయ్యి తియ్యరా, కాలుద్ది" అన్నాడు బోవాది.

"ఒప్పుకోను మేస్త్రీ. తాళాలివ్వను, ఇంజన్ విప్పనివ్వను. ముందు ఇంజెక్టర్ మార్చండి. అప్పుడూ పోకపోతే అప్పుడు మాట్లాడండి."

తోపుడుబండి వాడెవడో నవ్వి, అంతలోనే ఊరుకున్నాడు. చుట్టుపక్కల సుత్తి దెబ్బలు ఒక్కొక్కటే ఆగాయి. "పిచ్చెక్కిందా వీడికి?" అని అమ్మగారు బోవాది వైపు చూసింది. బోవాది స్పానర్ పట్టుకుని, ఈ చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని చూస్తున్నాడు.

అడోమాకో పళ్ళు బిగించాడు. రెండో చెయ్యి కూడా పెట్టాడు.